ఒంగోలు లేగదూడకు తలతాడు అలవాటు చేసే పద్ధతి

ఒంగోలు ఆవుకు పుట్టిన దూడ మొదటి రోజున సుమారు 25 నుంచి 30 కిలోలు తూగుతుంది. ఆ వయసులో దాన్ని ఒక మనిషి రెండు చేతులతో ఎత్తుకుని పాకలోకి తీసుకుపోగలడు. అదే కోడెదూడ పెరిగి ఆబోతు అయ్యేసరికి 500 కిలోలు దాటుతుంది. అప్పుడు దాన్ని బలంతో ఆపగలిగే మనిషి ఉండడు. తాడు కొసన ఉన్న మనిషితో నడవడం చిన్నప్పుడే అలవాటై ఉంటేనే అది ఆగుతుంది. ఆ అలవాటు తేలికగా పట్టుబడే కాలం మొదటి మూడు నెలలు. ఆ తరువాత కూడా నేర్పవచ్చు గాని, మనిషికీ దూడకూ శ్రమ ఎక్కువవుతుంది, దెబ్బలు తగిలే ప్రమాదమూ పెరుగుతుంది.

మన పల్లెల్లో చాలా ఇళ్లలో దూడను ముందుగా మెడకు తాడు వేసి కట్టేస్తారు, కోడె ఎదిగాక ముక్కు కుట్టి ముకుతాడు వేస్తారు. ఈ రెండింటి మధ్య దూడకు ప్రత్యేకంగా నేర్పేది ఏమీ ఉండదు. అది మెడతాడును గుంజుతూ గుంజుతూనే పెరుగుతుంది. మెడతాడుతో వచ్చే చిక్కు ఏమిటంటే, దూడ వెనక్కి గుంజినప్పుడు ఒత్తిడి నేరుగా గొంతు మీద పడుతుంది; ఊపిరి సరిగా ఆడక దూడ బెదిరి మరింత గుంజుతుంది. పైగా పశువు బలమంతా మెడలోనూ మూపులోనూ ఉంటుంది కాబట్టి, అక్కడ తాడు వేసి లాగడమంటే దాని బలంతో మన బలాన్ని పోటీకి నిలపడమే. తలతాడు అలా కాదు. చెవుల వెనుక నుంచి ఒక వరుస, మూతి మీదుగా మరొక వరుస వచ్చి, రెండూ దవడ కింద కలిసి పట్టుతాడుగా సాగుతాయి. పశువైద్యశాలల్లో దీన్నే హాల్టర్ అంటారు. దీనితో మనం పట్టుకునేది దూడ గొంతును కాదు, తలను. తల ఏ పక్కకు తిరిగితే పశువు ఒళ్లు ఆ పక్కకే నడుస్తుంది.

ఈ శిక్షణ అంతటికీ ఆధారమైన సూత్రం ఒక్కటే. తాడు బిగిసి ఉన్నంతసేపూ దూడ ఏమీ నేర్చుకోదు. తాడు వదులైన క్షణంలో, తాను అప్పుడే చేసిన పని వల్లనే ఆ ఒత్తిడి పోయిందని నేర్చుకుంటుంది. ఒక అడుగు ముందుకు వేసిన మరుక్షణం తాడు వదులైతే, ముందుకు నడిస్తే హాయిగా ఉంటుందని దానికి తెలుస్తుంది. వెనక్కి గింజుకున్నప్పుడు మనం చేయి నొప్పి పుట్టి వదిలేస్తే, గింజుకుంటే వదిలిపెడతారని తెలుస్తుంది. మనం ఏది నేర్పాలనుకున్నామో దూడకు తెలియదు. ఎప్పుడు వదిలామో మాత్రమే తెలుస్తుంది. అందువల్ల దూడను నడిపించే మనిషికి కావలసింది కండబలం కంటే చురుకైన చేయి. ఇంట్లో ఓపికగల పెద్దవాళ్లు, పశువంటే భయంలేని ఆడపిల్లలు ఈ పనిని బలిష్ఠులైన మగవాళ్లకన్నా బాగా చేయడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

ఒంగోలు జాతి సాధు స్వభావం గలదని మనకు పేరుంది. ప్రకాశం జిల్లాలోని గుండ్లకమ్మ, మూసీ నదుల మధ్య ప్రాంతంలో తరతరాలుగా ఇంటి మనుషుల మధ్య, చేతి మేత తింటూ పెరిగిన పశువు కనుక ఆ పేరు వచ్చింది. ఇదే జాతి నుంచి వచ్చి బ్రెజిల్‌లో నెలోర్ అనే పేరుతో కోట్ల సంఖ్యలో పెరిగిన పశువులు విశాలమైన పచ్చిక బయళ్లలో మనిషి చేయి అంతగా తగలకుండా తిరుగుతాయి. అవి మనిషిని చూసి బెదరడం అక్కడి పెంపకందారులకు బాగా తెలిసిన విషయమే. సాధుత్వం జాతితో పాటు దానంతట అదే వస్తుందనుకుని దూడను వదిలేయకూడదని చెప్పడానికే ఈ మాట.

తాడుకు ముందు చేయి

పుట్టిన దూడ విషయంలో మొదటి పని జున్నుపాలు తాగించడం, బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూయడం. దూడ బరువులో పదో వంతు జున్నుపాలు మొదటి రోజులోనే, అందులోనూ తొలి విడత పుట్టిన రెండు మూడు గంటలలోపే దాని కడుపులో పడాలి. తాడు సంగతి అప్పుడు ఆలోచించనవసరం లేదు. కాని ఆ మొదటి రోజుల నుంచే దూడను తాకడం మొదలుపెట్టాలి. ఈనిన కొత్తలో ఒంగోలు ఆవు దూడ జోలికి వచ్చినవాళ్ల మీదికి కొమ్ము విసరవచ్చు. కనుక రోజూ మేత వేసి పాలు పితికే మనిషే, తల్లి కళ్ల ఎదుటే, ఆ పని చేయాలి.

దూడ దగ్గరికి ఎటు నుంచి వెళ్లాలన్నది చిన్న విషయం కాదు. పశువు కళ్లు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల దానికి చుట్టూ చాలా మేర కనిపిస్తుంది గాని, సరిగ్గా తోక వెనుక ఉన్నది ఏమీ కనిపించదు. వెనుక నుంచి వచ్చి పట్టుకుంటే దానికి అది వేటాడే జంతువు పట్టే. ఎదురుగా నిటారుగా నడిచి వెళ్లినా బెదురుతుంది. పక్క నుంచి, భుజం వైపుగా, మెల్లగా మాట్లాడుతూ వెళ్లాలి. ఎంత దగ్గరికి వెళ్తే దూడ తల ఎత్తి కదలబోతుందో గమనించి, అక్కడే ఆగాలి, అది మళ్లీ తల దించేదాకా నిలబడాలి, తరువాత ఇంకొక అడుగు వేయాలి. రోజులు గడిచే కొద్దీ ఆ దూరం తగ్గుతూ వస్తుంది.

చేయి ముందుగా భుజం మీద, మెడ పక్కన, మెడ కింద వేలాడే గంగడోలు మీద వేయాలి. దూడలకు గంగడోలు కింద, దవడ కింద నిమిరితే ఎంతో ఇష్టం. మెడ చాచి నిలబడిపోతాయి. అక్కడి నుంచి చెవుల వెనక్కి, బుగ్గ మీదికి, మూతి మీదికి చేయి రావాలి. ఎందుకంటే రేపు తాడు ఆనేది ఆ చోట్లలోనే. చెవుల వెనుక చేయి వేస్తే తల విదిలించుకునే దూడకు తాడు తొందరపడి వేయకూడదు.

నుదుటిని మాత్రం రుద్దకూడదు, అరచేతితో నెట్టకూడదు. కోడెదూడ నుదుటితో పొడవడం చూడడానికి ముద్దుగానే ఉంటుంది, పిల్లలు దానితో ఎదురు తోసి ఆడుకుంటారు కూడా. కాని అది దూడకు ఆట కాదు, సాటి పశువుతో బలం తేల్చుకునే అభ్యాసం. రెండేళ్ల తరువాత అదే కోడె అదే పనిని పూర్తి బరువుతో చేస్తుంది. ఇటీవల పట్టణాల్లో ముచ్చటపడి ఇంటి ఆవరణలో పెంచుతున్న పుంగనూరు దూడల విషయంలో ఈ పొరపాటు ఎక్కువగా కనిపిస్తోంది. ఎత్తు తక్కువైనంత మాత్రాన పొడిచే అలవాటు పడిన పశువు పసిపిల్లలకు ప్రమాదం కాకుండా పోదు.

తాడు ఎలాంటిది, ఎలా వేయాలి

దూడకు నూలుతాడు అన్నిటికంటే మంచిది. కొత్త గోగునార తాడు, కొబ్బరిపీచు తాడు గరుకుగా ఉండి లేత చర్మాన్ని ఒరుస్తాయి. సన్నటి నైలాన్ తాడు ఇంకా చెడ్డది. దూడ గింజుకున్నప్పుడు వేడెక్కి దాని చర్మాన్నీ మన అరచేతినీ కోస్తుంది, దాని ముళ్లు తడిసి బిగిస్తే ఒక పట్టాన ఊడవు. దుకాణాల్లో దొరికే వెడల్పాటి నైలాన్ పట్టీ తలతాళ్లు పరవాలేదు గాని, దూడ కొలతకు సరిపోయేవి ఎంచుకోవాలి. పెద్ద పశువుది తెచ్చి ముడులు వేసి కుదించితే అది కంటి మీదికి జారుతుంది.

ఇంట్లోనే వేసుకోవాలంటే చిటికెన వేలి లావున్న నూలుతాడు మూడు మీటర్లు చాలు. తాడు ఒక కొసను దూడ మెడ చుట్టూ, చెవులకు దగ్గరగా తిప్పి, జారి బిగుసుకోని ముడి వేయాలి. ఆ వరుసలో మన నాలుగు వేళ్లు సులువుగా దూరాలి. తరువాత వేలాడే తాడును మెడ వరుస లోపలి నుంచి ముందుకు మెలికగా లాగి, ఆ మెలికను మూతికి తగిలించాలి. మిగిలిన పొడవే పట్టుతాడు. మెడ దగ్గర జారుముడి ఎన్నడూ వేయకూడదు. రాత్రివేళ పాకలో జారుముడి బిగిసి దూడ చనిపోవడం అందరికీ తెలిసిన ప్రమాదమే, ఒక్క ముడిని మార్చుకుంటే తప్పిపోయే ప్రమాదం కూడా.

మూతి వరుస ఎక్కడ ఆనిందో చూడడం అన్నిటికన్నా ముఖ్యం. అది కంటికీ ముక్కుపుటాలకూ సుమారు మధ్యన, గట్టి ఎముక మీద ఉండాలి. కిందికి జారితే మెత్తని మృదులాస్థి మీద నొక్కి ఊపిరి ఆడనివ్వదు; పశువు ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి తీస్తుందన్నది మరవకూడదు. పైకి పోతే కంటికి ఒరుసుకుంటుంది. చెవుల వెనుక వరుస రెండు చెవులనూ మడవకుండా, కొమ్ము మొలకలకు వెనుకగా కూర్చోవాలి. పట్టుతాడు దూడ ఎడమ పక్కకు రావాలి. మనిషి ఎడమ పక్కన నడవడం పశు ప్రదర్శనల్లోనూ అమలులో ఉన్న పద్ధతి. మొదటి నుంచీ ఒకే పక్కన అలవాటు చేస్తే దూడ తికమకపడదు.

రెండు మూడు వారాల వయసులో తలతాడు మొదటిసారి వేయవచ్చు. వేసిన రోజున నడిపించే ప్రయత్నం చేయవద్దు. తాడుతోనే దూడను కాసేపు పాకలో తిరగనిచ్చి, గంగడోలు నిమిరి, విప్పేయాలి. అది తల విదిలిస్తుంది, మూతిని గోడకు రాస్తుంది, నాలుక చాచి తాడును నాకుతుంది. అవన్నీ చేసి ఊరుకున్నాక విప్పాలి, విదిలిస్తున్నప్పుడు కాదు. మూడు నాలుగు రోజుల్లో తాడు దానికి పట్టనట్టే అవుతుంది. పట్టుతాడును నేల మీద ఈడ్చుకుంటూ తిరగనిస్తే దూడ తన కాలితో తానే తొక్కి, తల వంచితే పట్టు సడలుతుందని నేర్చుకుంటుంది. ఇది మంచి పద్ధతే గాని, మేకులు, బండి చక్రాలు, నాగళ్లు లేని ఖాళీ ఆవరణలో, మనిషి కళ్ల ఎదుట మాత్రమే చేయాలి.

కట్టుకొయ్య దగ్గర

నడక కంటే ముందు, కట్టేస్తే ఓపికగా నిలబడడం నేర్పాలి. కొయ్య కదలనిదై ఉండాలి. ఒక్కసారి కొయ్య ఊడి వచ్చినా, పగ్గం తెగినా, బలంగా గుంజితే బయటపడవచ్చునని దూడకు తెలిసిపోతుంది. ఆ పాఠాన్ని తుడిచివేయడం చాలా కష్టం. కింద నేల మెత్తగా, జారకుండా ఉండాలి. సిమెంటు గచ్చు మీద, అందులోనూ తడిసిన గచ్చు మీద గింజుకున్న దూడ కాళ్లు రెండు పక్కలకూ జారి తొడ కండరాలు దెబ్బతింటాయి. వరిగడ్డి దట్టంగా పరిస్తే సరిపోతుంది.

తాడును దూడ నిలబడినప్పటి కంటి ఎత్తులో, మూర నుంచి మూరన్నర పొడవు వదిలి కట్టాలి. అంతకంటే పొడవు వదిలితే కాలు దాటేసి చిక్కుకుంటుంది. పగ్గాన్ని కొయ్య చుట్టూ తిప్పి, కొసను మెలికగా మడిచి, ఆ మెలికనే ముడిలోకి దూర్చి బిగించాలి; కొసను పట్టి ఒక్క లాగు లాగితే మొత్తం ముడి విడిపోవాలి. దూడ ఎంత గుంజి బిగించినా విడిపోయే ముడి ఇది.

మొదటిసారి కట్టినప్పుడు దూడ వెనక్కి గుంజుతుంది, ఎగురుతుంది, ఒక్కోసారి పడిపోతుంది. ఆ సమయంలో మనం చేయవలసినది దాదాపు ఏమీ లేదు. కేకలు వేయకూడదు, కొట్టకూడదు, తాడును ఇంకా లాగకూడదు. పక్కన నిలబడి మెల్లగా మాట్లాడుతూ చూస్తూ ఉండాలి. అది ఒక అడుగు ముందుకు వేసి తాడును తానే వదులు చేసుకున్నప్పుడు గంగడోలు నిమరాలి. నాలుక బయటికి వచ్చినా, ఊపిరి గురకగా వినిపించినా, పడిన దూడ తల తాడుకు వేలాడుతున్నా క్షణం ఆలస్యం చేయకుండా ముడి విప్పాలి. మొదట పది నిమిషాలు చాలు. ప్రశాంతంగా నిలబడి ఉన్నప్పుడు చూసి విప్పాలి. రోజుకు కొంచెంగా పెంచుతూ అరగంట దాకా తీసుకురావచ్చు. ఆ అరగంటలో దాని ఒళ్లు గోనెపట్టతో రుద్దడం, కాళ్లు ఒక్కొక్కటిగా ఎత్తి పట్టుకోవడం, చెవులు, పళ్లు చూడడం అలవాటు చేస్తే, తరువాత నట్టల మందు పట్టేటప్పుడూ, 12 అంకెల చెవి పోగు వేసేటప్పుడూ, గాలికుంటు టీకా వేసేటప్పుడూ నలుగురు మనుషులు దూడ మీద పడి అదిమిపట్టే అవసరం రాదు.

ఇలా ఎత్తులో కురచగా కట్టడం మనిషి దగ్గరుండే శిక్షణ కోసమే. మామూలుగా పాకలో గంటలకొద్దీ కట్టి ఉంచేటప్పుడు దూడ పడుకుని నెమరు వేసుకోవడానికి వీలుగా నేలకు దగ్గరగా, తగినంత పొడవుతో కట్టాలి.

తల్లి దగ్గరికి, తల్లి దగ్గరి నుంచి

ఇక నడిపించడం. ఇక్కడ మన ఇళ్ల పద్ధతిలోనే గొప్ప సౌకర్యం ఒకటి దాగి ఉంది. దూడను పెట్టెలలో విడిగా పెంచి సీసాతో పాలు పట్టే డెయిరీలలో ఇది దొరకదు. ఒంగోలు ఆవు దూడ వచ్చి కుడిస్తేనే చేపుతుంది, అంటే పాలు దించుతుంది. కనుక ఉదయం, సాయంత్రం పాలు పితికే ముందు దూడను తల్లి దగ్గరికి విడవాలి, ఆవు చేపగానే పక్కకు తీసి కట్టాలి, పితకడం అయ్యాక మళ్లీ విడవాలి. అంటే తల్లి దగ్గరికి రెండు సార్లు, తల్లి దగ్గరి నుంచి రెండు సార్లు చొప్పున పూటకు నాలుగు ప్రయాణాలు ఎలాగూ ఉన్నాయి. శిక్షణ కోసం వేరే సమయం కేటాయించనక్కరలేదు. ఆ ప్రయాణాలనే పాఠాలుగా మార్చుకుంటే చాలు.

తల్లి దగ్గరికి వెళ్లేటప్పుడు దూడ ఎలాగూ ఉరుకుతుంది. కాబట్టి ఆ దారిలో నేర్పవలసింది ఆగడం. ఎడమ భుజం పక్కన నిలబడి, పట్టుతాడును దవడకు జానెడు దూరంలో కుడి చేత్తో పట్టుకుని, మిగిలిన తాడును ఎడమ చేతిలో మడతలుగా ఉంచుకోవాలి. తాడును చేతికి చుట్టుకోవడం, నడుముకు కట్టుకోవడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. చిన్న దూడే కదా అనుకునే రోజుల్లో పడిన ఆ అలవాటు కోడె వయసులో వేళ్లు విరగ్గొడుతుంది. రెండు అడుగులు నడిచాక ‘హో’ అనో, మీ ఇంట్లో ఎద్దులను ఆపడానికి వాడే మాట ఏదైతే అదే అనో, తాడు కొద్దిగా బిగించాలి. దూడ నిలిచిన క్షణంలో వదులు చేయాలి. ఒక్క ఊపిరి తీసేంతసేపు నిలిస్తే చాలు, మళ్లీ నడవాలి. చివరికి పొదుగు దగ్గరికి చేరడమే దానికి బహుమానం. ఆకలిగొన్న దూడను మరీ విసిగించకూడదు. దారిలో రెండు సార్లు ఆపితే సరిపోతుంది.

తల్లి దగ్గరి నుంచి తీసుకువచ్చే దారి కష్టమైనది. నోట్లో పాలు ఊరుతుండగా పొదుగు నుంచి మూతి లాగి, మెడతాడు పట్టి ఈడ్చి కొయ్యకు కట్టడం మన పాకల్లో రోజూ జరిగేదే. దూడ తాడును ద్వేషించడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కరలేదు. పూటపూటా తాడు అంటే పాలు పోవడమేనని దానికి మనమే బోధిస్తున్నాం. దీన్ని మార్చడానికి మూడు పనులు చేయాలి. మొదటిది, మూతిని లాగకుండా బొటనవేలిని నోటి మూలలో దూర్చి చనుకట్టు పట్టు విడిపించాలి. రెండవది, లాగడానికి బదులు తలను పక్కకు తిప్పాలి. ఎదురుగా నిలబడి లాగితే దూడ నాలుగు కాళ్లూ నేలలో పాతినట్టు నిలబడిపోతుంది. తలను ఒక పక్కకు తిప్పితే నిలకడ కోసం ముందు కాలు తప్పక కదపవలసి వస్తుంది. ఆ ఒక్క అడుగుకే తాడు వదులు చేయాలి. మూడవది, కట్టే చోట ఏదో ఒక మంచి సంగతి దూడ కోసం ఎదురుచూస్తూ ఉండాలి. కట్టుకొయ్యను తల్లి తల దగ్గర ఉంచితే ఆవు దూడను నాకుతుంది, దూడ కుదురుగా నిలుస్తుంది, ఆవు కూడా బెంగపడకుండా చేపుతుంది. రెండు వారాలు దాటిన దూడకు అక్కడే గుప్పెడు తౌడు, లేత పచ్చగడ్డి అందుబాటులో ఉంచవచ్చు.

ఎంతకూ కదలని దూడకు మరొక ఉపాయం ఉంది. ఇంకొక తాడును దాని తొడల వెనుక నుంచి, తోక కిందుగా తిప్పి, రెండు కొసలనూ మూపు మీదుగా ఒక చేత్తో పట్టుకోవాలి. తలతాడుతో దారి చూపిస్తూ వెనుక తాడుతో మెల్లగా ముందుకు ఒత్తాలి. అడుగు పడగానే రెండూ సడలించాలి. తోక మెలిపెట్టడం, కర్రతో పొడవడం పశువును కదిలించేది నిజమే గాని, అది కదిలేది నొప్పి నుంచి పారిపోవడానికి. పారిపోవడం నేర్చిన పశువు అవకాశం దొరికితే మన నుంచే పారిపోతుంది.

పాకలో కుదురుగా నడిచే దూడను ఆవరణలోకి, ఆ తరువాత వీధిలోకి, చివరికి పొలం బాటకు తీసుకుపోవాలి. ఒక్కొక్క చోట కొత్త బెదురు ఉంటుంది. మోటారుసైకిలు శబ్దం, కుక్క, ఎగిరే ప్లాస్టిక్ సంచి, నీటి గుంట, నేల మీద పడిన నీడ, ఇవన్నీ దూడను నిలబెట్టేస్తాయి. నిలబడితే నిలబడనివ్వాలి; తల దించి వాసన చూసుకోనివ్వాలి. తానుగా చూసి తేల్చుకున్న వస్తువుకు పశువు సాధారణంగా రెండవసారి బెదరదు. మొదట్లో ముందు తల్లి ఆవునో, నెమ్మదైన ముసలి ఎద్దునో నడిపిస్తే దూడ దాని వెంట వచ్చేస్తుంది.

ఎప్పుడు మానాలి

ప్రకాశం, పల్నాడు జిల్లాల ఎండల సంగతి చెప్పనక్కరలేదు. వేసవిలో పొద్దెక్కక ముందే పాఠం ముగించాలి. ముర్రా గేదె దూడలకైతే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం, ఎందుకంటే నల్లని చర్మం, తక్కువ స్వేదగ్రంథులు ఉండడం వల్ల అవి ఎండకు తట్టుకోలేవు. గేదె దూడ మొండికేస్తే గింజుకోవడానికి బదులు పడుకుంటుంది. దాన్ని లేపడానికి ఈడ్చకుండా తాడు వదులుగా పట్టుకుని ఓపికగా నిలబడడమే మార్గం. మిగిలిన పద్ధతి అంతా ఆవు దూడకూ గేదె దూడకూ ఒకటే.

పారుకుంటున్న దూడకు, మేత మానిన దూడకు, టీకా వేసి ఒళ్లు వెచ్చబడిన దూడకు పాఠం చెప్పకూడదు. శరీర ఉష్ణోగ్రత 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే శిక్షణ మాట పక్కన పెట్టి పశువైద్యుడికి చూపించాలి. మనిషికి కోపంగా ఉన్న రోజు కూడా మానడమే మంచిది. నడక పాఠాన్ని ఒకసారికి పది, పదిహేను నిమిషాలకు మించి సాగదీయనక్కరలేదు. దూడ బాగా చేసిన పనితోనే ఆపాలి. అనుకున్నది రాకపోతే దానికి వచ్చిన తేలిక పనిని ఒకసారి చేయించి, నిమిరి, విడిచిపెట్టాలి.

దూడ పెరిగాక

దూడ పెరుగుతుంది, తాడు పెరగదు. తలతాడును రోజంతా ఉంచేవాళ్లు వారానికి ఒకసారైనా మూతి వరుస కింద రెండు వేళ్లు దూర్చి చూడాలి. దూరకపోతే వెంటనే వదులు చేయాలి. మరచిపోయిన తాడు చర్మంలోకి కోసుకుపోయి, పుండై, ఈగలు వాలి పురుగు పడుతుంది. శిక్షణ ముగియగానే విప్పి కొయ్యకు తగిలించడం అన్నిటికంటే క్షేమం. వేసేటప్పుడూ విప్పేటప్పుడూ తల దించి ఇవ్వడం కూడా దూడ నేర్చుకుంటుంది.

పెయ్యదూడలకు బాగా అలవాటైన తలతాడు జీవితాంతం చాలు; ఈసుకుపోయే వ్యాధి రాకుండా బ్రుసెల్లా టీకా వేసే 4 నుంచి 8 నెలల వయసు మొదలు, కృత్రిమ గర్భధారణ, తొలి ఈతలో పితకడం దాకా ఆ అలవాటు ఉపయోగపడుతుంది. కోడెల విషయంలో సేద్యానికీ బండికీ ముకుతాడు అవసరమనే అభిప్రాయం బలంగా ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా ముక్కుతాడు వేయడాన్ని నిర్దేశించిన పద్ధతిలో చేస్తేనే మినహాయిస్తుంది, కనుక అది పశువైద్యుని చేత చేయించవలసిన పని. ముకుతాడు వేసినా దాన్ని కట్టేయడానికి వాడకూడదు. కట్టడానికి తలతాడు, అదుపుకు ముకుతాడు అనే విభజన పాటిస్తే ముక్కు చీలే ప్రమాదం చాలా తగ్గుతుంది. చిన్ననాడే తలతాడుతో నడిచిన కోడెకు ముకుతాడును చాలా తక్కువగా వాడవలసి వస్తుంది. సంక్రాంతికి బండలాగుడు పోటీలలో పాలపళ్లు ఇంకా ఊడని గిత్తలకు పెట్టే పాలపళ్ల విభాగంలో దింపే గిత్తలను చూసినా ఈ తేడా తెలుస్తుంది: జనం, మైకుల హోరు మధ్య ఒక మనిషి వెంట నెమ్మదిగా నడిచి వచ్చేవి కొన్ని, నలుగురు ముక్కు పట్టి తెచ్చేవి కొన్ని.

తీరప్రాంతంలో తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఈ శిక్షణ విలువ మరింత స్పష్టమవుతుంది. చీకట్లో, గాలివానలో మెరక ప్రాంతానికి నడిచి వచ్చే దూడను కాపాడుకోవచ్చు. తీసుకుపోయే వీలు లేకపోతే తాళ్లన్నీ పూర్తిగా విప్పి వదిలేయాలి. కట్టి ఉన్న పశువు నీటిలో ఈదలేదు. ఒక్క లాగుతో విడిపోయే ముడి అలవాటు ఉన్న ఇంట్లో ఆ పని క్షణాల్లో అవుతుంది.

దూడను అమ్మవలసి వస్తే దాని తలతాడును దానితోనే ఇవ్వాలి. ఏ పక్కన నిలబడి నడిపించామో, ఏ మాటకు ఆగుతుందో, ఎక్కడ నిమిరితే తల దించుతుందో కొనుక్కునేవారికి చెప్పి, వాళ్ల చేత మన ఎదుటే నాలుగు అడుగులు నడిపించి, ఆ తరువాత పంపించాలి.